ఏళ్ల తరబడి ఎండలో తిరిగితే ఒంటికి ఏమవుతుంది? నల్ల ఛాయ వాళ్లకు ఏది వర్తిస్తుంది?

గొలుసుకొలత (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. నాది భూముల సర్వే పని. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఎండ నడినెత్తికొచ్చేదాకా బయటే. ఈ మధ్య మెడ వెనక చర్మం మొద్దుబారి, అడ్డంగా నిలువుగా లోతైన గీతలు పడి గళ్లు గళ్లుగా కనిపిస్తోంది. చొక్కా చేతులు మడిచే చోట గీత గీసినట్టు రెండు రంగులు. చెంపల మీద చిన్న చిన్న గోధుమ మచ్చలు. నొప్పీ లేదు, దురదా లేదు.

దీని గురించి చదువుదామని కూర్చుంటే రెండే రకాల మాటలు దొరుకుతున్నాయి. కొన్ని తెల్ల చర్మం వాళ్ల కోసం రాసినవి, అవి చదివితే రేపే క్యాన్సర్ వచ్చేస్తుందన్నంత భయం వేస్తుంది. మిగతావి "మన ఛాయకు ఏమీ కాదు, ఊరికే కంగారు" అనేవి. నాకు అసలు సంగతి కావాలి. చర్మమేనా, కళ్లకు కూడా ఏమైనా ఉంటుందా? ఇన్నేళ్లు గడిచాక ఇప్పుడు జాగ్రత్త పడితే ఫలితం ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

చర్మవైద్యురాలు (సోమవారం, రాత్రి 10:40)

గొలుసుకొలత గారూ, ముందు ఒక విషయం విడదీసి చూద్దాం. ఎండ వేడి వేరు, ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు (యూవీ) వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది, చెమట పడుతుంది, మనమే నీడకు పోతాం. యూవీ తగులుతున్నట్టు ఏమీ తెలియదు. కొండ మీద చల్లగాలికి ఒళ్లు హాయిగా ఉంటుంది, కానీ ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది. పల్చటి మబ్బు పట్టినా చాలా భాగం దిగివస్తుంది. మంచు మీదైతే కింది నుంచి 80 శాతం దాకా తిరిగి ముఖానికి కొడుతుంది. అందుకే "ఇవాళ పెద్దగా ఎండ లేదు" అనే మాట చర్మం విషయంలో పనికిరాదు.

నేలకు చేరే యూవీలో 95 శాతం దాకా యూవీఏ, మిగతాది యూవీబీ. యూవీబీ పనంతా చాలావరకు చర్మం పైపొరలోనే. అక్కడి కణాల డీఎన్‌ఏలో పక్కపక్కన ఉన్న రెండు థైమిన్‌లను (డీఎన్‌ఏ అల్లికలోని చిన్న భాగాలు) ఒకదానికొకటి అతికిస్తుంది. కణం ఆ అతుకును కత్తిరించి మళ్లీ సరిచేసుకుంటుంది. రోజూ జరిగే పనే ఇది. ఎప్పుడో ఒకటి సరిచేయకుండా మిగిలిపోతుంది, అది పీ53 లాంటి కాపలా జన్యువులో పడితే క్యాన్సర్‌కు దారి దొరుకుతుంది. ఇందుకు దశాబ్దాలు పడుతుంది.

యూవీఏ ఇంకా లోపలికి వెళ్తుంది. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను రేపుతుంది. సాగి మళ్లీ యథాస్థితికి వచ్చేలా చేసే ఎలాస్టిన్ పోగులు చెడిపోయి ముద్దలుగా పేరుకుంటాయి. మీ మెడ వెనక గళ్లు చాలావరకు ఇదే. వైద్యంలో దీన్ని క్యూటిస్ రాంబాయిడాలిస్ న్యూకే అంటాం. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేది కూడా కాదు. ఇన్నేళ్లలో ఆ చోట ఎంత ఎండ పడిందో చెప్పే గుర్తు. అయితే ఫొటో కూడా చూడకుండా నేను చెప్తున్న మాట ఇది, ఒకసారి దగ్గర్లోని చర్మవైద్యులకు చూపించండి.

ఒక పని చేయండి. మోచేతికి పైన లోపలి వైపు, అంటే చంకకు దగ్గరగా ఉండే చర్మాన్ని వేళ్లతో పట్టి చూడండి. తర్వాత ముంజేతి బయటి వైపు చూడండి. రెండూ ఒకే మనిషివి, ఒకే వయసువి. లోపలి వైపు మెత్తగా, ఒకే రంగులో ఉంటుంది. బయటి వైపు గరుకు, మచ్చలు, సన్నని గీతలు. "వయసైపోయింది" అని మనం అనుకునేదాంట్లో ఎంత భాగం ఎండదో అక్కడే తెలిసిపోతుంది.

మండుటెండ (మంగళవారం, ఉదయం 6:55)

డాక్టరు గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా తాతలు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఎండలోనే బతికారు. ఒక్కరికీ చర్మ క్యాన్సర్ రాలేదు. ఈ సన్‌స్క్రీన్‌లు వచ్చాకే ఈ భయాలన్నీ మొదలయ్యాయి. మన చర్మంలో దేవుడు పెట్టిన రక్షణ ఉంది కదా?

లెక్కలపుస్తకం (మంగళవారం, ఉదయం 9:30)

మండుటెండ గారూ, మీరు చెప్పినదాంట్లో సగం గట్టి నిజం, కాబట్టి దానికి తగిన విలువ ఇచ్చే మాట్లాడాలి. చర్మపు పైపొరను దాటి ఎంత యూవీ లోపలికి పోతుందో 1979లోనే కొలిచారు. తెల్ల చర్మంలో యూవీబీ సుమారు 24 శాతం దాటిపోతే, బాగా నల్లటి చర్మంలో 7.4 శాతమే దాటింది. యూవీఏ తెల్ల చర్మంలో 55 శాతం, నల్ల చర్మంలో 17.5 శాతం. ఆ తేడా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్లే. ఆ లెక్కన నల్ల చర్మానికి పుట్టుకతోనే ఎస్‌పీఎఫ్ (సన్‌స్క్రీన్ డబ్బా మీది రక్షణ అంకె) 13 అంత రక్షణ ఉందన్నారు. గోధుమ ఛాయ వాళ్లు ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటారు.

మెలనిన్ ఎంత గొప్పదో తెలియాలంటే అది లేనివాళ్లను చూడాలి. ఆఫ్రికాలో అల్బినిజంతో పుట్టినవాళ్లకు తోబుట్టువులతో సమానంగానే ఎండ తగులుతుంది, కానీ వాళ్లకు చిన్న వయసులోనే పొలుసుకణ క్యాన్సర్లు (చర్మం పైపొర కణాల్లో పుట్టేవి) వస్తున్నాయి. తోబుట్టువులకు అలా రావడం చాలా అరుదు.

ఇక మీరు వదిలేసిన సగం. 17.5 శాతం అంటే సున్నా కాదు. జీవితమంతా ఆరుబయట పనిచేసేవాళ్లకు అది రోజూ పడుతూనే ఉంటుంది. పైగా 2015లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో విషయం చూపించారు. మెలనిన్ ఉన్న కణాల్లో, ఎండలోంచి చీకట్లోకి వచ్చాక కూడా మూడు గంటలకు పైగా డీఎన్‌ఏలో కొత్త అతుకులు పడుతూనే ఉన్నాయి. దానికి కారణం ఆ మెలనినే, యూవీతో రేగిన దాని ముక్కలు. కాపాడేదీ అదే, కొంత చెరుపు చేసేదీ అదే.

నా ఉద్దేశంలో "క్యాన్సర్ రాలేదు కాబట్టి ఏమీ కాలేదు" అనుకోవడం దగ్గరే మన చర్చ పక్కదారి పడుతోంది. ఎండ చేసే పనుల్లో క్యాన్సర్ ఒకటి మాత్రమే. తాతల కళ్లకు శుక్లాలు రాలేదా? ముఖాలు ముడతలు పడలేదా? అవి ఎండవని ఎవరూ అనుకోలేదు, ముసలితనం అనుకున్నారు.

స్టీరింగు (మంగళవారం, మధ్యాహ్నం 2:18)

నేను లారీ నడుపుతా. మేం ఎండలో ఉండం కదా, క్యాబిన్‌లో అద్దాలు ఎత్తుకొని ఉంటాం. మాకూ ఉంటదా అన్నా ఇది? నా ముఖం ఒక పక్క ఎక్కువ నల్లబడిందని ఇంట్లో అంటున్నరు.

లెక్కలపుస్తకం (మంగళవారం, మధ్యాహ్నం 3:05)

ఉంటుంది తమ్ముడూ. మామూలు గాజు యూవీబీని బాగానే ఆపుతుంది, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేస్తారు, అది యూవీఏను కూడా ఆపుతుంది. చిక్కంతా పక్క అద్దంతోనే.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 69 ఏళ్ల డ్రైవరు ఫొటో ఒకటి వేశారు. ఆయన 28 ఏళ్లు డెలివరీ లారీ నడిపాడు. కిటికీ పక్కనుండే ఎడమ చెంప మొత్తం మందంగా, వేలాడుతూ, లోతైన ముడతలతో, నల్లటి తెరుచుకున్న రంధ్రాలతో ఉంటుంది. కుడి చెంప మామూలుగా ఉంటుంది. ఆ ఫొటోను సగానికి చేత్తో మూసి చూస్తే, ఇరవై ఏళ్ల తేడా ఉన్న ఇద్దరి ముఖాలనిపిస్తాయి.  కిటికీ పక్కన కూర్చున్నాడు, అంతే.

నీకు చెప్పేది ఒకటే. అద్దం వైపు చేతికి పొడుగు చేతుల చొక్కా వెయ్యి, ముఖానికి యూవీఏను కూడా ఆపే సన్‌స్క్రీన్ రాయి. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీబీ గురించి చెప్తుంది. యూవీఏ కోసం "పీఏ" పక్కన ఎన్ని ప్లస్ గుర్తులు ఉన్నాయో చూడు, లేదా "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని ఉందో లేదో చూడు.

కంటిపాప (మంగళవారం, సాయంత్రం 7:44)

కళ్ల గురించి అడిగారు కదా, నేను కళ్ల పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. చర్మం కంటే నాకు దీని మీదే ఎక్కువ బాధ. ఛాయ ఏదైనా కంటి లోపలి కటకానికి ఆ రక్షణ లేదు.

ఎండలో పనిచేసేవాళ్లలో మేం తరచూ చూసేది కంట్లో కండ పెరగడం, అదే టెరీజియం. తెల్లగుడ్డు మీంచి ఎర్రటి నరాలతో పల్చటి కండ త్రికోణంలా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. గమనిస్తే అది ఎక్కువగా ముక్కు వైపే మొదలవుతుంది. పక్క నుంచి కంట్లో పడే వెలుతురును నల్లగుడ్డు ఒంపు వంచి, సరిగ్గా ముక్కు వైపు అంచున కేంద్రీకరిస్తుంది. అందుకే పక్కలు మూసి ఉండే, ముఖానికి హత్తుకునే కళ్లద్దాలు కావాలంటాం. చిన్న గుండ్రటి అద్దాలు ముందు నుంచి వచ్చేదాన్నే ఆపుతాయి.

రెండోది శుక్లం. 1988లో అమెరికాలో చెసపీక్ అఖాతంలో చేపలు, పీతలు పట్టే 838 మందిని పరీక్షిస్తే, జీవితంలో యూవీబీ ఎక్కువ తగిలినవాళ్లలో కార్టికల్ రకం (కటకం అంచు పొరలో మొదలయ్యే) శుక్లాలు ఎక్కువగా కనిపించాయి. శుక్లాలన్నిటికీ ఎండే కారణం అనను. వయసు, షుగరు, పొగతాగడం కూడా ఉన్నాయి.

కళ్లద్దాల్లో రంగు ముదురుగా ఉంటే మంచిదనుకోవడం చాలామందిలో చూస్తాను. యూవీని ఆపేది రంగు కాదు. యూవీ 400 అని ఉన్న తెల్లటి అద్దం కూడా పని చేస్తుంది. యూవీ ఆపని ముదురు అద్దం పెట్టుకుంటే, చీకటిగా ఉందని కంటిపాప పెద్దదవుతుంది, కళ్లు చిట్లించడం మానేస్తాం. యూవీకి తలుపు ఇంకా బార్లా తెరిచినట్టే. వెడల్పు అంచు టోపీ కూడా వేసుకుంటే కళ్లకు చేరేది చాలా తగ్గుతుంది.

వెన్నెలపిట్ట (బుధవారం, ఉదయం 10:20)

నేను రోజంతా ఆఫీసులోనే. అయినా రెండు చెంపల మీదా మంగు మచ్చలు. క్రీము రాస్తే తగ్గుతాయి, ఎండాకాలం రాగానే మళ్లీ ప్రత్యక్షం. ఎస్‌పీఎఫ్ 50 మానకుండా రాస్తున్నాను అక్కా, అయినా ఇంతే. ఇది కూడా ఎండదేనా?

చర్మవైద్యురాలు (బుధవారం, మధ్యాహ్నం 1:15)

వెన్నెలపిట్ట గారూ, మంగుకు హార్మోన్లు, వంశం, ఎండ మూడూ కలిసి కారణం. మన ఛాయ వాళ్లు ఎండ గురించి అసలు మాట్లాడుకోవలసింది ఇక్కడే. తెల్ల చర్మాన్ని ఎండ ఎర్రగా కాలుస్తుంది, ముడతలు తొందరగా తెస్తుంది. మన చర్మం అంత సులువుగా కాలదు, ముడతలు ఆలస్యంగా వస్తాయి, కానీ రంగు చెదిరిపోతుంది. మచ్చలు, మంగు, కళ్ల చుట్టూ నలుపు, మొటిమ మానిన చోట నెలల తరబడి పోని గుర్తు, ఇవే మన చర్మం మీద ఎండ రాతలు.

మీకు ఎస్‌పీఎఫ్ 50 సరిపోకపోవడానికి ఒక కారణం ఉండొచ్చు. ముదురు ఛాయల్లో కంటికి కనిపించే వెలుతురు కూడా, ముఖ్యంగా అందులోని నీలి భాగం, రంగును రేపుతుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేతగోధుమ రంగులో ఉండే సన్‌స్క్రీన్‌లు ఆపుతాయి. మంగు ఉన్నవాళ్లకు నేను వాటినే చెప్తాను. తెల్లగా పూసినట్టు కనబడే బాధ కూడా ఉండదు.

ఇంకో మాట, దయచేసి గట్టిగా తీసుకోండి. "క్రీము రాస్తే తగ్గుతాయి" అన్నారు. అది ఏ క్రీమో చూడండి. స్టీరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, నరాలు తేలి, ఎండ సోకితేనే మంటెత్తే స్థితికి వస్తుంది. అలా వచ్చినవాళ్లను మామూలు స్థితికి తేవడానికి మంగు తగ్గించడం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

బడిగంట (బుధవారం, సాయంత్రం 5:50)

అన్నీ చదువుతున్నాను. కానీ పిల్లలకు ఏం చెప్పాలి? బడిలో ఎండ పొడ తగలకుండా పెంచితే డి విటమిన్ రాదు, ఎముకలు బలహీనం. ఇప్పటికే అందరూ గదుల్లో ఫోన్లు పట్టుకొని కూర్చుంటున్నారు.

లెక్కలపుస్తకం (బుధవారం, రాత్రి 8:02)

టీచరు గారూ, పిల్లలను లోపల కూర్చోబెట్టమని ఎవరూ అనడం లేదు. ఆరుబయట ఆడుకునే పిల్లలకు దూరపు చూపు మసకబారడం తక్కువని కూడా తేలింది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు చూశారు. ఆ బళ్లలో కొత్తగా మయోపియా వచ్చినవాళ్లు 30.4 శాతం, మిగతా బళ్లలో 39.5 శాతం. దీనికి కావలసింది ఆరుబయటి వెలుతురు, నడినెత్తిన ఎండ అక్కర్లేదు. చెట్టు నీడ కూడా గది కంటే చాలా వెలుతురుగా ఉంటుంది.

డి విటమిన్ తయారుచేసేది యూవీబీ. నల్ల ఛాయకు మెలనిన్ అడ్డం కాబట్టి తెల్లవాళ్ల కంటే ఎక్కువ సేపు పడుతుంది, ఇది నిజం. కానీ చర్మంలో దాని తయారీ ఒక హద్దు దాకే సాగుతుంది. ఆ తర్వాత ఎంత నిలబడినా కొత్తగా పేరుకోదు, మిగిలేది దెబ్బే. లోపం ఉంటే రక్తపరీక్షలో తెలుస్తుంది, మాత్రలతో సరిపోతుంది.

పిల్లల విషయంలో జాగ్రత్త ఎందుకంటే, ఆస్ట్రేలియాకు వలస వెళ్లినవాళ్లను గమనించినప్పుడు, పదేళ్లలోపు వెళ్లినవాళ్లకు మెలనోమా (రంగు కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్) ముప్పు అక్కడే పుట్టినవాళ్లంత ఉంది, పెద్దయ్యాక వెళ్లినవాళ్లకు బాగా తక్కువ. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే, కాబట్టి ఆ అంకెలు మనకు అచ్చంగా వర్తించవు. చిన్ననాటి ఎండ లెక్కలోకి వస్తుందనేది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

నీడ కొలత పిల్లలకు ఇట్టే వస్తుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టు, ఆ వేళకు ఆటలు నీడలో పెట్టండి. ఫోన్లో వాతావరణం చూస్తే యూవీ ఇండెక్స్ అంకె కూడా ఉంటుంది, 3కు చేరితే జాగ్రత్త మొదలవ్వాలి.

సైటింజనీరు (బుధవారం, రాత్రి 9:35)

టోపీ, కళ్లద్దాలు, క్రీము అని అందరూ వ్యక్తి మీదే పెడుతున్నారు. కట్టడాల పనిలో ఉన్నవాడిగా నాకిది నచ్చడం లేదు. నా కింద పనిచేసేవాళ్లు రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ ఎక్కడ రాస్తారు, సిమెంటు చేతులతో? నేను ఇంతకుముందు పనిచేసిన చోట నీడకు తాటిపత్రి కట్టించమంటే "పని ఆగుతుంది" అన్నారు.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక అంచనా ఇచ్చాయి. 2019లో 160 కోట్ల మంది ఎండలో పనిచేశారు. మెలనోమా కాని చర్మ క్యాన్సర్లతో పోయినవాళ్లలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరిది ఎండలో పనిచేయడం వల్ల వచ్చిన చావే. ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 19,000 మంది. ఇది వృత్తిరోగం. సిలికా దుమ్ముకు మాస్కు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో, ఎండకు నీడ ఇవ్వాల్సిన బాధ్యతా వాళ్లదే. బరువు పనులు తెల్లవారుజామునే మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం లోపలి పనులు పెడితే నీడకయ్యే ఖర్చు కూడా సగం తప్పుతుంది. ఇప్పుడు నా సైటులో అలాగే చేయిస్తున్నాను, పని ఏమీ ఆగలేదు.

మండుటెండ (గురువారం, ఉదయం 7:10)

సైటింజనీరు గారితో ఏకీభవిస్తున్నాను. మా పెద్దలు ఎండలోనే బతికారన్నాను గానీ, తలకు గుడ్డ చుట్టుకొని, ఒళ్లంతా కప్పే బట్ట కట్టుకొని, మధ్యాహ్నం చెట్టు కింద పడుకునేవాళ్లు. అదీ చెప్పాలి.

చర్మవైద్యురాలు (గురువారం, ఉదయం 9:00)

అదే అన్నిటికంటే నమ్మకమైన రక్షణ మండుటెండ గారూ. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టండి. దారాల మధ్య సందులు కనబడితే యూవీ కూడా అక్కడి నుంచే పోతుంది. పల్చటి తెల్ల నూలు బనియను తడిస్తే ఇంకా తక్కువ ఆపుతుంది. చిక్కటి నేత, ముదురు రంగు, వదులుగా ఉండే బట్ట మంచివి. సన్‌స్క్రీన్ బట్ట కప్పని చోట్లకే. అది కూడా చాలామంది రాయాల్సినదాంట్లో పావో సగమో రాస్తారు, దాంతో డబ్బా మీది అంకె అందదు.

గొలుసుకొలత గారు మొదట్లో అడిగిన "ఇప్పుడు ఫలితం ఉంటుందా" అన్నదానికి జవాబు ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నాంబౌర్ అనే ఊళ్లో 1992లో 1,621 మంది పెద్దవాళ్లను తీసుకొని, సగం మందికి రోజూ సన్‌స్క్రీన్ రాయమన్నారు, మిగతావాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేశారు. నాలుగున్నరేళ్లలో రోజూ రాసినవాళ్లకు పొలుసుకణ క్యాన్సర్లు 40 శాతం దాకా తగ్గాయి. పదేళ్లు ఆగి చూస్తే మెలనోమాలు సగమయ్యాయి. చేతి చర్మం అచ్చులు తీసి పోల్చితే, 55 ఏళ్లలోపు వాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. వాళ్లంతా అప్పటికే ఎండలో ఏళ్లు గడిపినవాళ్లే. పుట్టిన దగ్గర్నుంచి పడిన ఎండలో పద్దెనిమిదేళ్లలోపుది పావు వంతుకు మించదు. మీకు ఇంకా పడాల్సినది చాలా ఉంది, దాన్ని ఆపవచ్చు.

మన ఛాయ వాళ్లు చూసుకోవలసినవి కూడా చెప్తాను. కింది పెదవి మీద ఎప్పుడూ పొలుసు రేగుతూ, పెదవి అంచు గీత చెరిగిపోతుంటే చూపించాలి. నెల దాటినా మానని పుండు ఎక్కడున్నా చూపించాలి, ముఖ్యంగా పాత కాలిన మచ్చ మీద గానీ, ఏళ్ల నాటి పుండు అంచున గానీ కొత్తగా కండ లేస్తే. ఇక మెలనోమా మనకు అరుదు. వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది, అరికాలు, అరచేయి, గోరు కింద. దానికి ఎండ కారణం కాదు, సన్‌స్క్రీన్ దాన్ని ఆపదు. గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే పోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. గోరులో కొత్తగా నల్ల చార వచ్చి వెడల్పవుతుంటే దెబ్బ తగిలిందనుకొని ఊరుకోకండి.

గొలుసుకొలత (గురువారం, రాత్రి 9:20)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. శనివారం చూపించుకోవడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. డాక్టరు గారూ, ఒక్క సందేహం. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్న మాత్ర వేసుకుంటున్నాను. దానికీ ఎండకూ ఏదో సంబంధం ఉందని చదివాను. ఆపేయాలా?

చర్మవైద్యురాలు (గురువారం, రాత్రి 10:05)

సొంతంగా ఆపకండి. ఆ మందు చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది, నిజమే. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని సమాచార పత్రంలో చర్మ క్యాన్సర్ ముప్పును చేర్చింది. ఏడాదికి 16,000 మంది వాడితే అదనంగా ఒక పొలుసుకణ క్యాన్సర్ అన్నది వాళ్ల లెక్క. ముప్పు ఎక్కువగా తెల్లవాళ్లలోనే కనిపించింది. బీపీ అదుపు తప్పితే వచ్చే పక్షవాతం, గుండెపోటు దీనికంటే ఎన్నో రెట్లు పెద్దవి. శనివారం వెళ్లినప్పుడు వేసుకునే మందుల చీటీ తీసుకెళ్లండి, బయట ఎండలో పని అని చెప్పండి. మీ బీపీ చూసే డాక్టరుకు కూడా అదే చెప్పండి. వేరే మందుకు మార్చాలో, అదే కొనసాగించాలో ఆయన చూసుకుంటారు. డాక్సీసైక్లిన్, అమియోడరోన్, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవాళ్లు ఇక్కడ ఇంకెవరైనా ఉంటే వాళ్లకూ ఇదే మాట.